లాడ్జి వైఫైలో ఆఫీసు సర్వర్: ఆడిట్ బ్యాగులో చేరిన చిన్న రూటర్

మాది హైదరాబాదులో చిన్న ఆడిట్ ఆఫీసు. పని మాత్రం సగం ఊళ్లమీదే. భీమవరంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లు, కరీంనగర్‌లో గ్రానైట్ యూనిట్... ఎక్కడ స్టాకు లెక్కపెట్టాలంటే అక్కడికి ఇద్దరు ముగ్గురు ఆర్టికల్స్‌ని (మా దగ్గర సీఏ శిక్షణలో ఉన్న పిల్లల్ని) వెంటేసుకుని వెళ్లి లాడ్జిలో దిగుతాం. పగలంతా క్లయింటు దగ్గర వోచర్లు. రాత్రి భోజనాలయ్యాక రూములో లాప్‌టాప్‌లు తెరిచి, ఆఫీసు సర్వర్‌లోకి వెళ్లి వర్కింగ్ పేపర్లు నింపుకోవడం. టాలీ డేటా, పాత సంవత్సరాల ఫైళ్లు, క్లయింట్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాన్ కాపీలు అన్నీ ఆ ఒక్క సర్వర్‌లోనే ఉంటాయి.

బయటి నుంచి దాంట్లోకి వెళ్లడానికి మొదట్లో మాకున్న ఏర్పాటు చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ నడుస్తున్నదే. సిస్టమ్స్ పెట్టిన కుర్రాడు ఆఫీసు రూటర్‌లో 3389 పోర్టు (రిమోట్ డెస్క్‌టాప్ లోపలికి వచ్చే తలుపు లాంటిది) తెరిచేసి, "సార్, ఎక్కడినుంచైనా రిమోట్ డెస్క్‌టాప్ కొట్టండి, వచ్చేస్తుంది" అన్నాడు. నిజంగానే వచ్చేసేది. ఒకసారి వేరే పని మీద సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్ చూశాను. 4625, 4625, 4625... కిందికి ఎంత జరిపినా అదే నంబరు. లాగిన్ విఫలమైతే విండోస్ రాసుకునే నంబరు అది. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, యూజర్, టెస్ట్ అంటూ మా ఆఫీసులో లేని పేర్లు, అర్ధరాత్రి దాటాక, సెకన్ల తేడాలో. ఎవరో మా మీద కక్ష కట్టారని కాదు. తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టే ప్రోగ్రాములు ఉంటాయి, వాటి కంట పడ్డాం. చిన్న ఆఫీసుల్లోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) దూరేది చాలాసార్లు ఈ దారినే.

మా వృత్తిలో దీనికి ఇంకో కోణం ఉంది. క్లయింటు సమాచారాన్ని అతని సమ్మతి లేకుండా బయటపెట్టడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు, మొదటి భాగం, మొట్టమొదటి క్లాజులోనే ఉంది. సర్వర్ హ్యాక్ అయిందంటే అది నేను బయటపెట్టినట్టా కాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. ఇరవై ఏళ్లుగా నమ్మి లెక్కలప్పగించిన మిల్లు యజమాని ముందు ఆ వాదన పెట్టే మొహం మాత్రం నాకు లేదు.

అందుకని 3389 మూయించాను. దాని బదులు రెండు పెట్టెలు: ఒకటి ఆఫీసులో, ఒకటి నా బ్యాగులో. ఆఫీసులోది రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్. బ్యాగులోది జీఎల్ ఐనెట్ వాళ్ల బెరిల్ ఏఎక్స్ అనే ట్రావెల్ రూటర్. అరచేతిలో పడుతుంది, యూఎస్‌బీ-సీతో నడుస్తుంది, వెనకాల రెండు ఈథర్‌నెట్ సాకెట్లు, పక్కన ఒక చిన్న స్విచ్చు. లోపల నడిచేది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఓపెన్ సోర్స్ రూటర్ సాఫ్ట్‌వేర్. నేను దీన్నే ఎంచుకోవడానికి అసలు కారణం అదే. ఫైర్‌వాల్ (ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో తేల్చే కాపలా) రూల్స్ కంటితో చూసుకుని మార్చుకోవచ్చు. రెండిటి మధ్యా మాట్లాడేది వైర్‌గార్డ్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన ఈ వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే గుప్తంగా నడిచే సొంత దారి) 2020 మార్చిలో వచ్చిన లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 5.6లోనే కలిసిపోయింది.

వైర్‌గార్డ్‌లో నాకు బాగా నచ్చింది దాని మౌనం. 3389 తెరిచి ఉంటే ఎవరు తట్టినా "పాస్‌వర్డ్ చెప్పు" అని పలుకుతుంది. వైర్‌గార్డ్ పోర్టుకి సరైన కీ లేని ప్యాకెట్ వస్తే ఇంట్లో మనుషులే లేనట్టు ఊరుకుంటుంది. జల్లెడ పట్టేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు.

ఆఫీసు వైపు పని మొదలుపెట్టగానే అడ్డొచ్చింది ఇంటర్నెట్ కనెక్షన్. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌కి కనిపించే అడ్రసు) ఉండదు. ఒకే ఐపీ వెనకాల ఎంతోమంది కస్టమర్లను కూర్చోబెడతారు. రూటర్ పేజీలో వాన్ (ఇంటర్నెట్ వైపు) అడ్రస్ చూస్తే తెలిసిపోతుంది: 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆ గుంపులో ఉన్నట్టే. అలాంటప్పుడు బయటినుంచి మీ రూటర్ దాకా ఏదీ రాదు, పోర్టు ఎంత ఫార్వర్డ్ చేసినా దండగ. స్టాటిక్ ఐపీ కావాలని కంపెనీకి ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి ముందు ప్లాన్ అప్‌గ్రేడ్ గురించే మాట్లాడింది. ఏరియా లైన్‌మన్‌ని పట్టుకున్నాక పనైంది. కొంచెం అదనపు అద్దెతో ఇచ్చారు. అది దొరకనివాళ్లకు టెయిల్‌స్కేల్ లాంటివి ఉన్నాయి, పబ్లిక్ ఐపీ లేకుండానే దారి వెతుక్కుంటాయి. మధ్యలో ఇంకో కంపెనీ ఎకౌంటు ఎందుకని నేను అటు పోలేదు.

కీలు చేసుకోవడం నిమిషాల పని. ఒక్కో పరికరానికి ఒక జత: ప్రైవేట్ కీ, పబ్లిక్ కీ. ఒక్కోటి 44 అక్షరాలు, చివర్లో ఒక సమానం గుర్తు. ప్రైవేట్ కీ ఆ పరికరం దాటి బయటికి రాకూడదు. రూటర్‌కి ఒక జత, నా ఫోన్‌కి ఒకటి, సీనియర్ ఆర్టికల్ లాప్‌టాప్‌కి ఒకటి ఇచ్చాను. అందరికీ ఒకే ఫైలు వాట్సాప్‌లో పంపేస్తే సులువే, కానీ రేపు బస్సులో బ్యాగు పోతే ఏది రద్దు చేస్తాం? విడివిడిగా ఉంటే రాస్ప్‌బెర్రీ పైలో ఆ ఒక్క పరికరాన్ని తీసేస్తే చాలు, మిగతావాళ్ల పని ఆగదు.

ఎక్కువ సమయం తిన్నది నేను అనుకోనిది: ఐపీ అడ్రసుల వరస. మా ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1తో మొదలయ్యేది, సర్వర్ 192.168.1.10. ప్రపంచంలో ఇంకెన్ని నెట్‌వర్కులు అలాగే ఉంటాయో చెప్పక్కర్లేదు. లాడ్జిలోనూ అదే, క్లయింటు ఆఫీసులోనూ అదే. అప్పుడు లాప్‌టాప్ 192.168.1.10 అని అడిగితే అది టనెల్‌లోకి (ఆఫీసుకి పోయే వైర్‌గార్డ్ దారిలోకి) పోవాలా, పక్క రూములో టీవీ బాక్సుకి పోవాలా? చాలాసార్లు దగ్గరున్నదానికే పోతుంది. వీపీఎన్ కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది, సర్వర్ మాత్రం తెరుచుకోదు. దీనికి తిన్నని మందు ఒకటే, ఆఫీసు నెట్‌వర్క్ నంబర్లు మార్చడం. ఒక ఆదివారం పెట్టుకుని 10తో మొదలయ్యే, ఎవరూ మామూలుగా వాడని వరసకి మార్చాం. సర్వర్, కంప్యూటర్లు చప్పున మారాయి. ప్రింటర్ మొండికేసింది. దాని పాత అడ్రసు ప్రతి కంప్యూటర్‌లోనూ రాసి ఉంది, ఒక్కోదాంట్లో తీసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. సీసీ కెమెరాల డీవీఆర్ సంగతి సోమవారం గుర్తొచ్చింది. ట్రావెల్ రూటర్ సొంత వరస 192.168.8, అది ఎక్కడా పెద్దగా తగలదు కాబట్టి ముట్టుకోలేదు.

ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద అంతా చూసుకున్నాక మొదటిసారి నిజంగా వాడింది భీమవరంలో. లాడ్జి వైఫైకి అసలు పరీక్ష లాగిన్ పేజీ. ఫోన్‌లో అయితే దానంతట అదే పైకి వస్తుంది, నంబరు కొట్టి ఓటీపీ పెడతాం. రూటర్‌ని రిపీటర్‌గా (ఆ వైఫైని అందుకుని మనకు పంచేలా) లాడ్జి వైఫైకి కలిపితే కనెక్ట్ అవుతుంది, పేజీ మాత్రం రాదు. కారణం మన జాగ్రత్తలే. టనెల్ ఆన్‌లో ఉంటే అది ఆఫీసుకు పోవాలని చూస్తుంది, లాడ్జి గేటు వదలదు. డీఎన్ఎస్‌ని (సైటు పేరుకి ఐపీ అడ్రసు చెప్పే వ్యవస్థ) మనం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, లాడ్జి వాళ్లు తమ పేజీకి మళ్లించలేరు. ఇంకోటుంది, డీఎన్ఎస్ రీబైండింగ్ ప్రొటెక్షన్. బయటి పేరు ఏదైనా లోపలి ఐపీని చూపిస్తే అది మోసమని రూటర్ ఆ జవాబును పారేస్తుంది. లాడ్జి లాగిన్ పేజీ ఉండేది సరిగ్గా అలాంటి లోపలి ఐపీలోనే. కాబట్టి ఈ మూడూ తాత్కాలికంగా పక్కన పెట్టి, బ్రౌజర్లో హెచ్‌టీటీపీఎస్ లేని మామూలు పేజీ ఒకటి తెరవాలి. నేను నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ కొడతాను, ఈ పని కోసమే ఉన్న సైటు అది. వెంటనే లాడ్జి పేజీ వచ్చి పడుతుంది. ఓటీపీ కొట్టాక లాడ్జి వైఫై గుర్తుపెట్టుకునేది రూటర్ మ్యాక్ అడ్రస్‌ని (పరికరం గుర్తింపు నంబరుని). ఇక దాని వెనకాల ఎన్ని లాప్‌టాప్‌లున్నా మళ్లీ అడగదు.

ఆ లాడ్జిలో రూముకి రెండు పరికరాలే అని బోర్డుంది. చాటుగా వాడటం ఇష్టం లేక కౌంటర్లో కుర్రాడికి రూటర్ చూపించి అడిగాను. "ఆయ్, పెట్టుకోండి సార్, చిన్న డబ్బానే కదండీ. స్లో అయితే మటుకు మమ్మల్ని అడక్కండి" అన్నాడు. స్లో అయింది. అడగలేదు.

లాగిన్ అయ్యేదాకా ఉండే ఆ రెండు మూడు నిమిషాలే బలహీనమైన సమయం, ఎందుకంటే అప్పుడు టనెల్ లేదు. అందుకే రూములో మాకో వరస ఉంది. లాప్‌టాప్‌లు మూసి ఉంటాయి. నా ఫోన్ ఒక్కటే రూటర్‌కి కలుస్తుంది. ఓటీపీ అయ్యాక పక్కనున్న స్విచ్చు నొక్కితే వైర్‌గార్డ్ ఆన్ అవుతుంది. స్క్రీన్ మీద హ్యాండ్‌షేక్ (రెండు పెట్టెలూ పలకరించుకున్న గుర్తు) కనిపించాకే "తెరవండి రా" అంటాను.

ఇక్కడే ఒక విచిత్రం ఎదురైంది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చాక రూటర్ తిరిగి లేచింది, లాడ్జి వైఫై కలిసింది, హ్యాండ్‌షేక్ మాత్రం పడదు. కీలు అవే, అడ్రసు అదే. ఫోన్‌లో వైర్‌గార్డ్ పెడితే చక్కగా పనిచేస్తోంది. చివరికి దొరికింది గడియారంలో. ఇలాంటి చిన్న రూటర్లలో చాలావాటికి బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కరెంటు పోతే టైము వెనక్కి పోతుంది, ఇంటర్నెట్‌లోంచి సరైన టైము తెచ్చుకునేదాకా అంతే. వైర్‌గార్డ్ పలకరింపులో టైము కూడా పంపుతుంది. ఇదివరకు చూసినదానికంటే పాత టైముతో ఏదైనా వస్తే, ఎవరో పాత ప్యాకెట్‌ని దాచి మళ్లీ పంపుతున్నారని ఆఫీసులోని రాస్ప్‌బెర్రీ పై తోసిపుచ్చుతుంది. మంచి రక్షణే. కానీ టనెల్ లేనిదే ఏదీ బయటికి పోకూడదని మనం తాళం వేశాం. టైము తెచ్చుకోవడానికి నెట్ కావాలి, నెట్‌కి టనెల్ కావాలి, టనెల్‌కి టైము కావాలి. రూటర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, లూసీ అనే పేజీలో, సిస్టమ్ కింద బ్రౌజర్ టైముతో సరిచేసే బటన్ ఒకటుంది. అది నొక్కగానే హ్యాండ్‌షేక్ పడింది. అప్పట్నుంచి రూటర్‌ని పవర్ బ్యాంకు మీదే నడుపుతున్నాను. లాడ్జి వైఫై చచ్చిపోయినా నా రూటర్ బతికే ఉంటుంది, ఫోన్‌ని యూఎస్‌బీతో దానికి గుచ్చి మొబైల్ డేటా మీద పని కానిస్తాం.

మొబైల్ డేటా మీద ఇంకో చిక్కు. హ్యాండ్‌షేక్ ఉంటుంది, పింగ్ వెళ్తుంది, రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్ తెర కూడా వస్తుంది, పాస్‌వర్డ్ కొట్టగానే నల్ల తెర. చిన్న ప్యాకెట్లు దాటుతున్నాయి, పెద్దవి మధ్యలో పడిపోతున్నాయి. లెక్క ఇలా ఉంటుంది: మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. వైర్‌గార్డ్ దానికి తన తొడుగు వేస్తుంది, ఐపీవీ6 హెడర్ 40, యూడీపీ 8, వైర్‌గార్డ్‌ది 32, మొత్తం 80. అందుకే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ట సైజు) డిఫాల్ట్‌గా 1420 ఉంటుంది. దారిలో 1500 పట్టనిచోట, మొబైల్ నెట్‌వర్కుల్లో అలాంటివి తగులుతుంటాయి, ఆ 1420 కూడా ఎక్కువే. 1280కి దించాను. అంతకంటే కిందికి పోనక్కర్లేకపోయింది. వేగంలో తేడా మాకేమీ తెలియలేదు.

కొన్ని హోటళ్లలో వైర్‌గార్డ్ మామూలుగా వాడే యూడీపీ 51820 పోర్టుని అసలు బయటికే పోనివ్వరు. ఆఫీసు రూటర్‌లో యూడీపీ 443ని కూడా రాస్ప్‌బెర్రీ పైకే మళ్లించి పెట్టుకున్నాను. ఇప్పుడు బ్రౌజర్లు పెద్ద సైట్లతో క్విక్ ప్రోటోకాల్‌లో మాట్లాడేది ఆ పోర్టులోనే కాబట్టి దాన్ని మూసేవాళ్లు తక్కువ. అదీ ఆడకపోతే ఫోన్ ఉండనే ఉంది.

వీపీఎన్ గురించి ఇంత చెప్పాను గానీ, నా మటుకు ఈ డబ్బాలో విలువైన సగం ఫైర్‌వాలే. లాడ్జి వైఫైలో ఒకసారి ఫోన్‌లో నెట్‌వర్క్ స్కానర్ పెట్టి చూస్తే పక్క రూముల ఫోన్లు పేర్లతో సహా కనిపించాయి, కింద ఆఫీసులో ప్రింటర్, ఒక డీవీఆర్. నాకు వాళ్లు కనిపిస్తున్నారంటే వాళ్లకి మా ఆర్టికల్స్ లాప్‌టాప్‌లూ కనిపిస్తాయి. ఆ పిల్లలు ఫైళ్లు ఒకరికొకరు ఇచ్చుకోవడానికి ఫోల్డర్‌ని ఎవరీవన్ అని షేర్ చేసి ఉంటారు, వైఫైని ప్రైవేట్ నెట్‌వర్క్ అని ఒప్పేసుకుని ఉంటారు. రూటర్ మధ్యలో ఉంటే లాడ్జి నెట్‌వర్క్‌కి కనిపించేది ఒకే ఒక్క పరికరం. బయటినుంచి మొదలయ్యే ఏ కనెక్షన్నీ అది లోపలికి రానివ్వదు. రూటర్ అడ్మిన్ పేజీ, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు కొట్టే దారి) కూడా వాన్ వైపునుంచి తెరుచుకోకూడదు. నమ్మకం కోసం ఒక ఫోన్‌ని నేరుగా లాడ్జి వైఫైలో పెట్టి, మా రూటర్ అడ్రస్‌ని స్కాన్ చేయించాను. ఒక్క పోర్టూ పలకలేదు.

టనెల్ తెగితే ఏదీ బయటికి పోకుండా ఆపే సెట్టింగును కొంతమంది అతి జాగ్రత్త అంటారు. 2024 మేలో బయటపడిన టనెల్‌విజన్ అనే దాడి గురించి చదివితే అలా అనరు. వైఫై నడిపేవాడు, లేదా అదే వైఫైలో కూర్చుని ఆ వేషం వేసినవాడు, ఐపీ అడ్రస్ ఇచ్చేటప్పుడే డీహెచ్‌సీపీ (ఆ అడ్రసులు పంచే పద్ధతి) ఆప్షన్ 121తో కొత్త రూట్లు అంటగట్టి, ట్రాఫిక్‌ని వీపీఎన్ పక్కనుంచి దాటించగలడు. వీపీఎన్ ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. మా లాప్‌టాప్‌లకు ఐపీ ఇచ్చేది మా రూటరే. రూటర్‌కే ఎవరైనా తప్పుడు రూటు ఇచ్చినా, టనెల్‌లోంచి పోనిదాన్ని ఫైర్‌వాల్ రూలు గుమ్మంలోనే ఆపేస్తుంది.

ఇది చూసి తెలిసినవాళ్లు అడిగేది వేరే. "దీంతో అమెరికా ఓటీటీలు వస్తాయా?" రావు. బయటికి కనిపించేది మా ఆఫీసు ఐపీయే, అంటే హైదరాబాదే. దుబాయ్‌లో ఉన్న మా బంధువు వాట్సాప్ కాల్స్‌కి ఇలాంటిది పెట్టించమన్నాడు. వద్దన్నాను. అక్కడ నేరం చేయడానికో, దాన్ని దాచడానికో వీపీఎన్ వాడితే జరిమానా 5 లక్షల దిర్హామ్‌ల నుంచి మొదలవుతుంది. ఏది నేరమో, ఏది కాదో హైదరాబాదులో కూర్చుని నేను తేల్చలేను. మన దగ్గర వీపీఎన్ వాడటం తప్పు కాదు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు దాచాలన్నది జనానికి వీపీఎన్ అమ్మే కంపెనీలకి. అది నచ్చక కొన్ని విదేశీ కంపెనీలు తమ సర్వర్లను ఇండియాలోంచి తీసేశాయి కూడా. సంస్థలు తమకోసం నడుపుకునే వీపీఎన్‌లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. ఇక ఫిషింగ్ లింకు మీద మా కుర్రాడు నొక్కితే మాత్రం ఈ డబ్బా ఏమీ చేయలేదు, అది వేరే పోరు.

ఇప్పుడు నాకు మిగిలిన తలనొప్పి ప్రయాణంలో లేదు, ఆఫీసులో ఉంది. మా అటెండర్ పెద్దాయన రాత్రి తాళం వేసే ముందు ప్లగ్గులన్నీ ఆపేసి వెళ్తాడు. రాస్ప్‌బెర్రీ పైని అలా చటుక్కున ఆపితే ఎస్‌డీ కార్డు పాడవుతుంది, పైగా సరిగ్గా రాత్రే మాకు పని. ఆ ప్లగ్గు మీద "ఆపవద్దు" అని కాగితం అతికించాను. కొన్నాళ్లు ఆగింది. సంక్రాంతి సెలవులకు వెళ్తూ మెయినే ఆపేశాడు. "మీరు ప్లగ్గే కదండీ ఆపొద్దంది" అన్నాడు, తప్పేం లేదు. ఎస్‌డీ కార్డు తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టాను. రాస్ప్‌బెర్రీ పైనీ, ఫైబర్ మోడెమ్‌నీ సీసీ కెమెరాల యూపీఎస్ లైనుకి కలిపించాను, దాని స్విచ్చు సర్వర్ గదిలో ఉంటుంది, ఆ తాళం నా దగ్గరే. సర్వర్‌కి విడిగా ఒక యూపీఎస్ చెప్పాను, ఇంకా రాలేదు.